ఎనిమిదో తరగతి అమ్మాయిని జిల్లా ఖో–ఖో పోటీలకు పంపాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. మండల స్థాయి ఖో–ఖోలో బాగా ఆడి జిల్లా పోటీలకు వెళ్లే జట్టుకు ఎంపికైంది. రోజూ సాయంత్రం గంటన్నర సాధనకు ఉండాలనీ, పోటీల సమయంలో రెండు రోజులు పొరుగూరిలో బస చేయాల్సి వస్తుందనీ పాఠశాలవారు చెప్పారు. ఇంట్లో పెద్దలు ఆటలు మంచివే గాని ఈ పోటీలు దేనికంటున్నారు. ఫౌండేషన్ కోర్సు చెప్పే మాస్టారు చదువు వెనకబడుతుందంటున్నారు. పోటీల వల్ల పిల్లకు నిజంగా ఒరిగేదేమిటో తెలిస్తే నిర్ణయం తీసుకోవడం తేలికవుతుందని మీరు రాశారు.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరి, ఫిజికల్ డైరెక్టరుగా పదవీ విరమణ చేశాను. ఖో–ఖో, కబడ్డీ, వాలీబాల్ జట్లను మండల పోటీల నుంచి రాష్ట్ర పోటీల దాకా వెంటబెట్టుకు తిరిగాను. నా సమాధానం సూటిగానే చెబుతాను: పంపండి. అయితే పంపే ముందు పాఠశాలను కొన్ని విషయాలు అడగండి. పోటీ మేలు చేసేదీ కీడు చేసేదీ ఆ విషయాలను బట్టే ఉంటుంది.

ఆరోగ్యం కోసమే అయితే పోటీలు అక్కర్లేదన్న మీ పెద్దల మాటలో నిజముంది. ఐదు నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు బాగా కదిలే పని చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. తొక్కుడుబిళ్ల ఆడినా, సైకిలు తొక్కినా, తాడాట ఆడినా ఆ గంట నిండుతుంది. కాబట్టి పోటీలను సమర్థించేవాళ్లు ఆరోగ్యం పేరు చెప్పి సరిపెట్టకూడదు. పోటీ ఇచ్చేది ఒక సమఉజ్జీని. తనంత బలం, తనంత సాధన ఉన్న మరో పిల్ల, తన మీద ఏ మొహమాటమూ లేని పిల్ల, తాను వేసిన ప్రతి ఎత్తునూ చెడగొట్టడానికి నియమాలకు లోబడి ప్రయత్నిస్తుంది. ఆట ముగియగానే వచ్చి చేయి కలుపుతుంది. పిల్లల జీవితంలో ఇలాంటి సందర్భం ఆటస్థలంలో తప్ప మరెక్కడా దొరకదు. పరీక్షలో పక్క విద్యార్థి ఎంత బాగా రాసినా మన పిల్ల రాసే జవాబుకు అడ్డు రాడు. ఇంట్లో ఆడేటప్పుడు అన్నయ్య కావాలనే ఓడిపోతాడు. ఉజ్జీ ఎదురైన చోటే పిల్ల తన బలాన్ని ఉన్నదున్నట్టు తెలుసుకుంటుంది.

మీ అమ్మాయి ఆడే ఆటలోనే దీన్ని చూపిస్తాను. పాఠశాల పోటీల్లో మనం ఆడించే సంప్రదాయ పద్ధతిలో తొమ్మిది మంది ఛేజింగ్‌కు దిగుతారు. ఎనిమిది మంది మధ్య గీత మీది గడుల్లో ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి కూర్చుంటారు. తొమ్మిదో అమ్మాయి తరుముతుంది. ఎదుటి జట్టు రన్నర్లు ముగ్గురు చొప్పున లోపలికి వస్తారు. ఛేజర్ ఒక దిక్కు పట్టాక వెనక్కి తిరగకూడదు, స్తంభం దాకా వెళ్లకుండా మధ్య గీతను దాటి రెండో వైపుకు పోకూడదు. రన్నర్‌కు ఈ ఆంక్షలేవీ లేవు. కనుక ఎంత వేగం ఉన్న పిల్లయినా మంచి రన్నర్‌ను ఒంటరిగా పట్టలేదు. సరైన క్షణంలో కూర్చున్న సహచరికి ఖో ఇచ్చి, తాను ఆ గడిలో కూర్చోవాలి. వేగం గల పిల్లకు ఇది అన్నిటికన్నా కష్టమైన పని. ఇంకో రెండడుగులు వేస్తే చేతికి అందుతుందనిపిస్తుంది. తమ పాఠశాల మైదానంలో తోటి పిల్లల మీద ఆ రెండడుగులు పనిచేస్తాయి కూడా. జిల్లా పోటీలో సింగిల్ చైన్, అంటే కూర్చున్న ఒక్కొక్కరినీ చుట్టి మెలికలుగా పరుగెత్తే పద్ధతి, తెలిసిన రన్నర్ ఎదురైతే పనిచేయవు. కూర్చున్నవాళ్ల మధ్య నుంచి ఆమె మెలికలు తిరుగుతూ పోతుంటే ఛేజర్ రొప్పుతూ స్తంభం దాకా పరుగెత్తాల్సి వస్తుంది, టర్న్ కాలం, అంటే జట్టుకు తరమడానికి ఇచ్చిన సమయం, గడిచిపోతుంది. నేను నెలల తరబడి మాటలతో చెప్పినా ఎక్కని సంగతి, అంటే తన వేగాన్ని ఎప్పుడు ఆపి రెండో పిల్లకు అప్పగించాలన్నది, అలాంటి ఒక్క టర్న్‌లో పిల్లకు బోధపడటం ఎన్నోసార్లు చూశాను.

కూర్చున్న పిల్లలు నేర్చుకునేదీ తక్కువ కాదు. ఖో అందకముందే లేస్తే ఫౌల్, అందాక లేవడం ఆలస్యమైతే రన్నర్ చేజారిపోతుంది. ఆ కాసేపూ కళ్లు రన్నర్ కాళ్ల మీద, చెవులు వెనక వచ్చే అడుగుల మీద పెట్టి ఉండాలి. పదమూడేళ్ల పిల్ల అంత ఏకాగ్రతతో కూర్చోవడం తరగతిలో నేనెప్పుడూ చూడలేదు. ఇద్దరు అవుటయ్యాక బ్యాచ్‌లో మిగిలిన మూడో రన్నర్ సంగతి మరీ ప్రత్యేకం. తొమ్మిది మంది ఒకవైపు, తానొక్కతే ఒకవైపు. ఆమె నిలిచిన ప్రతి సెకనూ జట్టుకు పనికొస్తుందని ఆమెకు తెలుసు, చూసేవాళ్లందరికీ తెలుసు. చదువులో ముందుండని, ఇంట్లో పెద్దగా మాట్లాడని పిల్లలు కొందరు ఆ స్థానంలోనే మొదటిసారి తమ మీద తాము నమ్మకం పెంచుకున్నారు.

ఇక ఓటమి. ఓడిపోవడం పిల్లలకు మంచిదని చాలామంది తేలికగా అంటారు. ఓటమి దానంతట అది ఏమీ నేర్పదు. దాని తరువాత పెద్దవాళ్లు ఏం చేస్తారన్నదాన్ని బట్టి అది పాఠం కావచ్చు, గాయమూ కావచ్చు. ఓడిన జట్టులో మొదటి అరగంట పిల్లలు ఒకరినొకరు తప్పుపట్టుకుంటారు, ఆలస్యంగా ఖో ఇచ్చిన పిల్ల మీద అందరూ విరుచుకుపడతారు. ఆ సమయంలో ఉపాధ్యాయుడు చేయాల్సింది ఉపన్యాసం కాదు. నీళ్లు, తిండి చూడాలి, ఆ ఒక్క పిల్లను దగ్గర కూర్చోబెట్టుకోవాలి. మర్నాడో, ఆ మరునాడో స్కోరు షీటు తెచ్చి ముందు పెట్టాలి. ఖో–ఖో షీటులో ఏ రన్నర్ ఎంతసేపు నిలిచిందో రాసి ఉంటుంది. మనం ఎక్కడ వెనకబడ్డామో అందులో పిల్లలే చూసుకుంటారు. నిందలు పోయి లెక్క మిగులుతుంది, ఆ లెక్క నుంచి వచ్చే వారం సాధన పుడుతుంది. మీ అమ్మాయి జట్టును తీసుకువెళ్లే ఉపాధ్యాయులు ఇలా చేసేవారేనా అని కిందటి ఏడు ఆడిన పిల్లలను అడగండి. పిల్లలు ఈ విషయంలో దాచరు. మీరూ మైదానానికి వెళితే గీత బయటి నుంచి సూచనలు అరవకండి. తండ్రి గొంతు, ఉపాధ్యాయుడి గొంతు రెండూ ఒకేసారి వినిపిస్తే పిల్ల అయోమయంలో పడుతుంది.

పోటీలు పిల్లలకు చేటని వాదించేవారు చెప్పేవాటిలో నేను పూర్తిగా ఒప్పుకునేవి ఉన్నాయి. వాటిలో మొదటిది వయసు. నార్వేలో పిల్లల క్రీడలకు ప్రత్యేక నియమాలున్నాయి. పదకొండేళ్లకు ముందు ఫలితాల పట్టికలూ ర్యాంకులూ ఉండవు, పదమూడేళ్లకు ముందు జాతీయ ఛాంపియన్‌షిప్‌లు ఉండవు. చిన్న తరగతుల పిల్లలకు అక్కడా మ్యాచ్‌లు ఉంటాయి, గెలుపోటములను భూతద్దంలో చూపడమే ఉండదు. మన దగ్గర మూడో తరగతి పిల్లలకు కప్పులిచ్చి, ఫ్లెక్సీలు కట్టే పాఠశాలలు ఈ సంగతి ఆలోచించాలి. మీ అమ్మాయి వయసుకు జిల్లా పోటీ తొందర కాదు.

రెండోది ఒకే వయసు విభాగంలోని తేడాలు. 1954లో ఏర్పడిన స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా పోటీలు అండర్–14, అండర్–17, అండర్–19 విభాగాల్లో జరుగుతాయి. ఒకే విభాగంలో ఏడాది మొదట్లో పుట్టిన పిల్లకూ చివర్లో పుట్టిన పిల్లకూ దాదాపు ఏడాది తేడా ఉంటుంది. ఈ వయసులో ఏడాదంటే ఎంతో ఎత్తు, ఎంతో బలం. కెనడా ఐస్ హాకీ జట్లలో జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పుట్టినవారే ఎక్కువగా కనిపించడాన్ని అక్కడి పరిశోధకులు 1980లలోనే గుర్తించారు. ముందుగా ఎదిగిన పిల్లను ప్రతిభావంతురాలిగానూ, ఆలస్యంగా ఎదిగే పిల్లను పనికిరానిదిగానూ మనం పొరబడుతున్నాం. కిందటి ఏడు ఎంపిక కాని పిల్లను మళ్లీ పిలిచి చూసే అలవాటు ఉన్న వ్యాయామ ఉపాధ్యాయులు దొరికితే ఆ పాఠశాల అదృష్టం.

మూడోది నాకు కోపం తెప్పించే విషయం. పుట్టిన తేదీలు మార్చి పెద్ద పిల్లలను చిన్న విభాగంలో ఆడించడం మన పాఠశాల క్రీడలను ఏనాటి నుంచో పట్టి పీడిస్తోంది. క్రికెట్ బోర్డు అండర్–16 ఆటగాళ్ల మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూసే పద్ధతి పెట్టుకుంది. పాఠశాల పోటీల్లో అంత ఏర్పాటు ఎక్కడుంటుంది? పదహారేళ్ల అమ్మాయిని పదమూడేళ్ల పిల్లలకు ఎదురు నిలబెడితే అక్కడ ఉజ్జీ అన్నదే లేదు; ఓడిన పిల్లలు నేర్చుకునేది ఏమీ ఉండదు, పెద్దవాళ్లు అబద్ధమాడితే గెలవవచ్చన్నది తప్ప. మీ జట్టులో అలాంటిది జరుగుతోందని తెలిస్తే, దానివల్ల గెలుపు మీ అమ్మాయికే వచ్చినా సరే, ప్రధానోపాధ్యాయులతో మాట్లాడండి.

ఒంటి భద్రత విషయంలో తల్లిదండ్రులు మొహమాటపడకుండా అడగాలి. ఖో–ఖోలో ఆకస్మికంగా దిక్కు మార్చుకోవడం, స్తంభం పట్టుకుని తిరగడం, డైవ్ కొట్టడం ఎక్కువ. ఇలాంటి కదలికలున్న ఆటల్లో మోకాలి లోపలి లిగమెంటు గాయాలు అబ్బాయిలకన్నా అమ్మాయిల్లో ఎక్కువగా కనిపిస్తాయి. వీటిని తగ్గించడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. ఫుట్‌బాల్ కోసం ఫిఫా తయారు చేయించిన 11+ అనే ఇరవై నిమిషాల వార్మప్ ఉంది. ఒంటికాలి మీద నిలకడ, తొడ కండరాల బలం, దూకి మోకాళ్లు సరిగ్గా వంచి దిగడం అందులో ఉంటాయి. గాయాలు తగ్గుతాయని పరీక్షల్లో తేలిన వార్మప్ అది. ఖో–ఖో పిల్లలకూ అలాంటి వ్యాయామాలే చేయించాలి. సాధనకు ముందు గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు పరుగెత్తించి ఆటలోకి దించేస్తున్నారా, లేక ఇలాంటివి చేయిస్తున్నారా అన్నది ఒక సాయంత్రం వెళ్లి చూడండి. వారంలో ఒకటి రెండు రోజులు ఆ ఆట నుంచి పూర్తి విశ్రాంతి ఉండాలనీ, పదిహేను పదహారేళ్ల దాకా ఒకే ఆటకు కట్టుబడకపోవడం మేలనీ అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2016లో సూచించింది. ఖో–ఖో ఆడే పిల్ల పరుగు పందేలూ, టెన్నికాయిట్టూ ఆడితే నష్టం లేదు, లాభమే.

అమ్మాయిల విషయంలో ఇంకొన్ని ఉన్నాయి. వెంట ఉపాధ్యాయురాలు వస్తున్నారా, బస ఎక్కడ, అక్కడ తలుపు గడియ పడే స్నానాల గది, మరుగుదొడ్డి ఉన్నాయా అని అడగండి. నెలసరి రోజుల్లో ఆడాలా వద్దా అన్నది పిల్ల ఇష్టానికి వదలాలి. ఆ మాట చెప్పుకోవడానికి ఆమెకు ఒక ఆడ మనిషి దగ్గర ఉండాలి. మంచి క్రీడాకారిణులు తొమ్మిదో తరగతిలో ఆట మానేయడానికి నేను చూసిన కారణాల్లో ఓటమి కన్నా, చదువు కన్నా, మరుగుదొడ్డి లేకపోవడం పెద్దది. కబడ్డీలాగా బరువు పరిమితి ఉన్న ఆటల్లోకి వెళితే మరో జాగ్రత్త కావాలి: తూకం కోసం నీళ్లు మాన్పించి, ఎండలో స్వెట్టర్లు వేసి పరుగెత్తించే పద్ధతికి ఒప్పుకోకండి.

చదువు గురించి మీ మాస్టారి భయాన్ని కొట్టిపారేయను. ఆడితే మార్కులు పెరుగుతాయని మీకు హామీ ఇవ్వలేను. అలా ఇచ్చేవారిని నమ్మకండి. సాయంత్రం గంటన్నర ఆటకు పోతే ఆ గంటన్నర వేరేచోట నుంచి రావాలి, అది సాధారణంగా ట్యూషన్ నుంచో, ఫోను నుంచో వస్తుంది. ఎనిమిది, తొమ్మిది తరగతులు ఇందుకు అనువైన కాలం. ఈ వయసులో పాఠం వెనకబడితే నెలలో అందుకోవచ్చు. ఆట నేర్చుకునే ఒళ్లు మాత్రం ఈ వయసులో ఉన్నట్టు తరువాత ఉండదు. పదో తరగతిలో ఏం చేయాలన్నది అప్పుడు నిర్ణయించుకోండి. ఆటస్థలం, ఆట సామగ్రి ప్రతి పాఠశాలకూ ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే రాసి ఉంది. అపార్ట్‌మెంటు అంతస్తుల్లో నడిచే పాఠశాలలు ఎన్నో మన పట్టణాల్లో ఉండగా, మీ అమ్మాయికి మైదానమూ, సాయంత్రం నిలబడి ఆడించే ఉపాధ్యాయులూ ఉన్నారు. దాన్ని చిన్న విషయంగా చూడకండి.

సర్టిఫికెట్లు, స్పోర్ట్స్ కోటా గురించి మీరు అడగలేదు గాని, బంధువులు తప్పక అడుగుతారు. జిల్లా పోటీల్లో పాల్గొన్నంత మాత్రాన సీటో ఉద్యోగమో వస్తుందని లెక్కలు వేసుకోవద్దు; కోటాలో జాతీయ, అంతర్జాతీయ స్థాయి ఆటగాళ్లతో పోటీ పడాలి, నిబంధనలు కూడా ఎప్పటికప్పుడు నోటిఫికేషన్లలో మారుతుంటాయి. అయినా పాఠశాల పోటీలు కొందరికి ఏకైక ద్వారమన్నది నిజం. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామంలో కూలి కుటుంబంలో పుట్టిన దీప్తి జీవాంజిని మేధో వైకల్యం కారణంగా ఊరివాళ్లు హేళన చేసేవారు; ఆమె పరుగును గమనించింది పాఠశాల వ్యాయామ ఉపాధ్యాయుడు. 2024 మేలో కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల టీ–20 (మేధో వైకల్యం ఉన్నవారి) విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పి స్వర్ణం, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. విశాఖపట్నం పోర్టు హైస్కూల్లో చదివిన జ్యోతి యర్రాజీ కూడా అలాగే వ్యాయామ ఉపాధ్యాయుడి కంట పడి, 2023లో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా విజేత అయింది. క్లబ్బు ఫీజులు కట్టలేని ఇళ్ల పిల్లలు వీళ్లు. పాఠశాలలో ఆటలు లేకపోతే వీళ్లను చూసేవారే ఉండరు. ఖో–ఖోకు కూడా ఇప్పుడు ముందుకన్నా ఆదరణ పెరిగింది. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన తొలి ప్రపంచ కప్‌లో పురుషుల, మహిళల విభాగాలు రెండింటిలోనూ మన జట్లే నేపాల్‌ను ఓడించి గెలిచాయి. మీ అమ్మాయి అంతదూరం వెళుతుందని గాని, వెళ్లదని గాని ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, చెప్పనవసరమూ లేదు.

చివరగా, మీ అమ్మాయితో పాటు మిగిలిన పిల్లల సంగతి. వందల మంది చదివే పాఠశాలలో జిల్లాకు వెళ్లేది పన్నెండు మంది. మిగిలినవారు చప్పట్లు కొట్టేవారిగా మిగిలిపోతే ఆ పాఠశాల ఎన్ని కప్పులు తెచ్చినా నా దృష్టిలో అక్కడ క్రీడలు లేనట్టే. ఎంపిక కాని పిల్లకు కూడా ఉజ్జీ కావాలి, నిజమైన మ్యాచ్ కావాలి. దీనికి ఖర్చేమంత లేదు. ఖో–ఖోకు రెండు స్తంభాలు, గీతలకు సున్నం చాలు. ప్రతి తరగతిని రెండు మూడు జట్లుగా చేసి వారం వారం ఆడించి, పాయింట్లు గోడ మీద రాసి పెడితే జూన్ నుంచి ఫిబ్రవరి దాకా లీగు నడుస్తుంది. ఒక జట్టు వరసగా ఏకపక్షంగా గెలుస్తుంటే పిల్లలను అటూ ఇటూ మార్చి మళ్లీ సమం చేయాలి. అలా నడిచే చోట పాఠశాల జట్టు కూడా బాగుపడుతుంది, ఎందుకంటే ఆలస్యంగా ఎదిగే పిల్లలు అప్పటిదాకా ఆటలోనే ఉంటారు. తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల గురించి అడిగినట్టే దీని గురించీ అడగండి. నలుగురు అడిగితే ప్రధానోపాధ్యాయులు టైంటేబుల్లో ఆటల పీరియడ్‌ను లెక్కల క్లాసుకు ఇచ్చే ముందు ఆలోచిస్తారు.

ఇప్పుడు మీరు చేయాల్సింది అంగీకార పత్రం మీద సంతకం పెట్టి, అందులో మీ ఫోను నంబరు, పిల్లకు పడని మందులేవైనా ఉంటే వాటి పేర్లు రాసి ఇవ్వడం. పోటీకి ముందు మూడు నాలుగు రోజులు సాధన సగానికి తగ్గించమని ఉపాధ్యాయులను అడగండి. చాలా జట్లు ఆ రోజుల్లోనే ఎక్కువ ఆడి అలసిన కాళ్లతో వెళతాయి. కొత్త బూట్లు కొంటే ఇప్పుడే కొనండి, పోటీ రోజు మొదటిసారి వేయవద్దు. తిరిగి వచ్చాక వారం రోజులు విశ్రాంతి ఇచ్చి, ఆ తరువాత కొనసాగిస్తావా అని ఆమెనే అడగండి. వద్దంటే ఆ మాటను కూడా గౌరవించండి. జిల్లా నుంచి రాష్ట్ర జట్టుకు ఎంపికైతే మళ్లీ రాయండి, శిబిరానికి వెళ్లే రోజులు, తప్పిపోయే తరగతులు, దూరప్రయాణం వేరే లెక్క, అది అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం.